చిటికెనవేలంత సందు

నేను ఒక తలుపుని. టేకు తలుపునో, వేప తలుపునో అనుకునేరు, కాదు. బూడిద తలుపుని. నవ్వొస్తే నవ్వేయండి, నాకు అలవాటే. నన్ను చూసినవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత వేలు మడిచి టకటకా కొడతారు. "అబ్బో, గట్టిగానే ఉందే!" అని పక్కవాళ్ళతో అంటారు. ఆపైన తమ దారిన తాము పోతారు. తలుపు కొట్టి, లోపల్నుంచి ఎవరైనా పలుకుతారేమోనని క్షణమైనా ఆగకుండా వెళ్ళిపోయే ప్రాణి సృష్టిలో మనిషి ఒక్కడే. కుక్క కూడా గుమ్మం ముందు కాసేపు కూర్చుంటుంది.

మా వంశం సంగతి చెబుతాను, కాస్త స్థిమితపడండి. మా తాతగారు ఒక మహారణ్యం. చంద్రుడు ఆయన కొమ్మల్లో చిక్కుకుపోయినప్పుడల్లా లోకానికి అమావాస్య వచ్చేదని మావాళ్ళు చెప్పుకుంటారు. ఆ అడవి ఒరిగి, నేలలోకి దిగి, బొగ్గై, యుగాలు నిద్రపోయింది. ఆ నిద్ర చెడగొట్టి, పైకి లాగి, రైలెక్కించి, సముద్రపు ఒడ్డున ఉన్న కరెంటు ప్లాంటుకు తెచ్చి పొయ్యిలో తోశారు. తాతగారు భగభగా కాలారు. ఆ వేడికి ఎక్కడో పట్నంలో ఒక పెద్దమనిషి గది చల్లబడింది. ఆ చలికి ఆయన దుప్పటి కప్పుకున్నాడు. మీ తెలివి మీది, మాకు అంతుపట్టదు.

తాతగారు కాలగా మిగిలినవాడు మా నాన్న. బూడిద. వరిపిండికన్నా మెత్తన. రెండు వేళ్ళ మధ్య నలిపితే ఉన్నాడో లేడో తెలియదు. గొంతులోకి పోతే మాత్రం తెలుస్తుంది.

ప్లాంటువాళ్ళు మా నాన్నను నీళ్ళలో కలిపి, గొట్టాల్లో తోలి, పక్కనున్న పల్లపు భూముల్లోకి వదిలారు. దాన్ని బూడిద చెరువు అన్నారు. అందులో చేపలుండవు, కలువలుండవు, ఈతకొట్టే పిల్లలుండరు. అయినా చెరువే అన్నారు. దానికి తూర్పున గోగులవలస అని ఒక ఊరు. వేసవిలో చెరువు పైపొర ఎండిపోయేది. పడమటిగాలి లేచేది. ఇంక చూడండి! ఆ ఊళ్ళో కాకిపిల్లలు తెల్లగా పుట్టేవి. నల్లజుట్టుతో పెళ్ళిపీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు తలంబ్రాలయ్యేసరికి తాతలాగా లేచేవాడు. ఒకాయన గట్టిగా తుమ్మితే ముక్కులోంచి ఇటుక ఊడిపడింది. అదృష్టవశాత్తూ కాలు మీద పడలేదు. ఇందులో నేను కొంచెం కలిపి చెబుతున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఏం చేయను, బూడిదను కదా, దేంట్లో పడితే దాంట్లో కలిసిపోవడం నా పుట్టుక.

మా అమ్మ గోగునార. ఆ బూడిద చెరువు ఉన్నచోట ఒకప్పుడు గోగు పండేది. కోసి, కట్టలు కట్టి, మడుగులో ఊరబెట్టి, నార తీసి మిల్లుకు తోలేవారు. ఊరబెట్టిన గోగు కంపు రెండు ఊళ్ళ అవతలకు కొట్టేది. ఆ కంపు వస్తే చాలు, ఇళ్ళలో నవ్వులు వినిపించేవి. భూములు చెరువు కిందికి పోయాక గోగు పోయింది. గోగు పోయాక నారమిల్లు మూతబడింది. మిల్లు గోదాములో అడుగూబొడుగూ నార తుక్కు మాత్రం ఎవరికీ అక్కర్లేక పడి ఉంది. అందులో ఉంది మా అమ్మ.

ఈ ఇద్దరు దిక్కులేనివాళ్ళకూ పెళ్ళి చేసినవారు సారథిగారు. ప్లాంటులో ఇంజనీరు. బక్కపలచని మనిషి, భోజనం డబ్బా తెచ్చుకోవడమే కానీ తినడం గుర్తుండేది కాదు. పారేసే బూడిదకూ పారేసిన నారకూ జత కుదిర్చి పనికొచ్చే వస్తువు చేయాలని ఆయన పట్టుదల. నారను చాపలా పరిచి, బూడిదను ఏదో ఘాటు వాసన వేసే జిగురులో కలిపి పోసి, మళ్ళీ నార, మళ్ళీ బూడిద, అలా పొరలు పొరలుగా వేసి, వేడి ఇనపపలకల మధ్య అప్పడంలా నొక్కారు. నాకు ముందు పుట్టిన అన్నలందరూ చెడ్డారు. ఒకడు గొడుగులా వంగాడు. ఒకడు పొరలు విడిపోయి కాజాలా తయారయ్యాడు. నేనొక్కణ్ణే తిన్నగా వచ్చాను.

సారథిగారు నన్ను నేలమీద పడేసి పైకెక్కి గెంతారు. సుత్తితో కొట్టారు. చెదపురుగులు పట్టుకొచ్చి నా మీద వదిలారు. అవి నన్ను ఒకసారి రుచిచూసి మూతి ముడుచుకుని పోయాయి. చివరికి నీళ్ళతొట్టిలో ముంచి, రోజులు గడిచాక తీసి తూచారు. ఆ పొద్దున ఆయన తన పనిషెడ్డులో చిన్నపిల్లాడిలా అరిచారు.

"ఒక్క చుక్క తాగలేదు! వెంట్రుకవాసి ఉబ్బలేదు!"

నా పుట్టుకలో నేను విన్న మొదటి పొగడ్త అదే. చాలా రోజులు ఆ మాట తలుచుకుని పొంగిపోయాను. పొంగడమంటే మనసులో. ఒంట్లో పొంగడం నాకు చేతకాదని అప్పుడే తేలిపోయింది కదా.

అదే రోజుల్లో గోగులవలస ఆడవాళ్ళు లారీల దారికి అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఎక్కువేం కాదు. చెరువు ఎండకుండా నీళ్ళు చల్లించండి, బూడిద లారీల మీద పరదాలు కప్పండి. అంతే. ముందు వరసలో కూర్చున్న మనిషి సన్నేసమ్మ. ఒకనాటి గోగు రైతు, పొట్టిగా, గట్టిగా, రోటిపొత్రంలా ఉండేది. ఆవిడ కూర్చుంటే లారీ కూడా రెండుసార్లు ఆలోచించుకునేది. ప్లాంటు తరఫున ముకుందరావుగారని ఒక ఆఫీసరు వచ్చారు. ఊళ్ళవాళ్ళతో తియ్యగా మాట్లాడటమే ఆయన ఉద్యోగం.

"ఎందుకమ్మా ఎండలో ఈ కష్టం? మీరు బూడిద బూడిద అంటున్నారు గానీ అది బంగారం. దాంతో తలుపులు చేస్తున్నాం తెలుసా?"

"బంగారవైతే మీ ఇళ్ళ మీద పోసుకోండి బాబూ," అంది సన్నేసమ్మ. "అంత పెద్ద సొత్తు మా నెత్తిమీద పోస్తే సిగ్గుగా ఉంటాది."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ముకుందరావుగారు కూడా నవ్వారు. నవ్వి, ఆ సన్నేసమ్మ ఎవరు, ఆమె ఇల్లేది, ఇంట్లో ఎవరున్నారు, అన్నీ కనుక్కున్నారు.

ఇంట్లో ఉన్నది కూతురు నూకరత్నం, నెలలు నిండుతున్న మనిషి. మొదటి పురుడు పుట్టింట్లో పోయడం అక్కడి మర్యాద. కానీ నూకరత్నం అత్తగారు ఒప్పుకోలేదు. "ఆ బూడిదలోన పురుడేటి? మా గుంట మా ఇంటికాడే కంటాది," అందట. సన్నేసమ్మకు ఆ మాట ముల్లులా దిగింది. భర్త పోయాక ఒంటిచేత్తో పెంచిన ఒక్కగానొక్క కూతురు. "గది మూసేసి ఉంచుతాను వదినా. ఒక్క నలుసు పడనిస్తే మర్నాడే నీ కోడల్నీ మనవణ్ణీ తీసుకుపో. మళ్ళీ అడగను," అని మాటిచ్చి తీసుకొచ్చింది.

ఇల్లు ఒక్క గది స్లాబుది. కిటికీని అట్టముక్కలతో, గోనెలతో మూసేసింది. కప్పులో బీటల్ని సిమెంటుతో పూడ్చింది. ఇంక మిగిలింది గుమ్మం. పడమటి గుమ్మం, బూడిద చెరువుకు ఎదురుగా. దానికున్న వేప తలుపు కింద సగం చెదపురుగులు తినేశాయి. చిల్లుకు రేకు ముక్క కొట్టి ఉంది.

ఆ గుమ్మం ముందు నిలబడి ముకుందరావుగారు అన్నారు. "కొత్త తలుపు పెట్టిస్తామమ్మా. మొట్టమొదటి బూడిద తలుపు మీ ఇంటికే. మీ ఇల్లు మోడల్ హౌస్ అవుతుంది. అయితే ఒకటి, మోడల్ హౌస్ ఆవిడ రోడ్డు మీద కూర్చుంటే బాగుండదు."

సన్నేసమ్మ కూతురి పొట్టవైపు చూసింది. పడమటివైపు చూసింది. ఫాల్గుణం దగ్గర పడుతోంది. మర్నాడు ఆమె రోడ్డు మీదికి వెళ్ళలేదు.

పక్కింటి పైడమ్మకు సన్నేసమ్మ అప్ప, అంటే అక్క వరస. వచ్చి గుమ్మంలోనే కడిగేసింది. "ఏటప్పా, తలుపొచ్చిందని లెగిసిపోనావా? తలుపు నీకూ, బూడిద మాకూనా?"

"పురుడెల్లనీయే పైడీ. మళ్ళీ వచ్చి నీ పక్కనే కూకుంటాను."

"నువ్వొచ్చీదాకా లారీలు ఆగుతాయేటి?"

ఆగలేదు. ముందు వరస లేచాక వెనక వరస ఎంతసేపు? ఒకరు వంట ఉందన్నారు, ఒకరు పశువులకు కుడితి పెట్టాలన్నారు. లారీలు మళ్ళీ నడిచాయి. పరదాల సంగతి పరదాల్లోనే ఉండిపోయింది.

నన్ను ట్రాక్టరు మీద తెచ్చి ఆ ఇంటిముందు దించారు. బిగించడానికి లింగాచారిని పిలిచారు. ఆ చుట్టుపక్కల ఏ గుమ్మమైనా ఆయన చేతిదే. తలుపు పెట్టేముందు గడపకు పసుపు రాయించి, కొబ్బరికాయ కొట్టించి, తాంబూలం పుచ్చుకుంటే తప్ప ఉలి ముట్టడు. అన్నీ జరిపించి నన్ను నిలబెట్టాడు. కొలిచాడు. రంపం తీశాడు.

మనిషి రంపం నామీద పడటం అదే మొదటిసారి. లింగాచారికి నాలాంటివాడు తగలడం కూడా అదే మొదటిసారి. నాలుగు లాగులు లాగేసరికి రంపం పళ్ళు మొద్దుబారిపోయాయి. ఆకురాయి తీసి పదును పెట్టుకున్నాడు. మళ్ళీ నాలుగు లాగులు, మళ్ళీ మొద్దు.

"ఇదేటి కర్రప్పా? రంపాన్ని పిప్పరమెంటులాగ సప్పరించేస్తంది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

సన్నేసమ్మ పరీక్షగా చూస్తూ దగ్గరికి వచ్చింది. కోసిన అంచున సన్నటి పోగులు బయటికొచ్చి ఉన్నాయి. ఒక పోగు గిల్లి లాగింది. వేళ్ళ మధ్య మెలిపెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓలమ్మ! ఇది గోగునారొలే!" అని కూతుర్ని కేకేసింది. "ఇదుగో సూడు, మన గోగే! మన సేలోదే అయ్యుంటాది!"

ఏ చేలోదో ఎవరికి తెలుసు? కానీ ఆవిడ ఆ పోగును పారేయలేదు, కొంగున ముడేసుకుంది. ఆ క్షణాన నాకు ఆ ఇంటి మీద ప్రేమ పుట్టింది. చెరువు కిందికి పోయిన చేను తలుపై తిరిగొచ్చి చెరువుకు ఎదురు నిలబడింది, చూడండి! నాలాంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క నలుసును రానిస్తే ఒట్టు అనుకున్నాను.

లింగాచారి నన్ను బందులకు తగిలించి మూశాడు. గడపకూ నాకూ మధ్య తన చిటికెనవేలు పెట్టి చూశాడు. దూరలేదు. విప్పి మళ్ళీ కోశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. ఈసారి వేలు ఆ చివర్నుంచి ఈ చివరికి హాయిగా నడిచింది. గొళ్ళెం వైపు నిట్టనిలువునా అంతే సందు వదిలాడు.

"అంత సందెందుకు ఆచారీ? గాలి దూరిపోదా?" అంది సన్నేసమ్మ.

"వానాకాలం సందప్పా అది. మా తాతకాడ్నుంచీ ఇదే కొలత. ఇప్పుడు సందుంటాది గానీ, వాన పడితే కర్ర ఒళ్ళు సేసుకుని మూసీసుకుంటాది. ఇప్పుడే బిగుతుగా పెట్టినాననుకో, ఆషాఢంలో తలుపు తియ్యలేక నన్ను తిడతావు. వానలొచ్చీదాకా నాలుగు గుడ్డలు కుక్కుకో."

తప్పు మాట కాదు. తాతల నాటి నుంచి తలుపంటే కర్ర. కర్రంటే తడికి ఉబ్బేది, ఎండకు తగ్గేది. ఊపిరి పీల్చే దానికి చోటు వదలాలి కదా. నేను ఊపిరి పీల్చనని ఆయనకెవరు చెప్పారు? చెప్పాల్సిన సారథిగారు ఆ రోజు ఇంకో అప్పడాన్ని నొక్కే పనిలో ఉన్నారు. నేను చెబుదామంటే, తలుపుల మాట వినే అలవాటు మీకు లేదు.

వారం తిరక్కుండా ప్రారంభోత్సవం. నాకు దండ వేశారు. ఊరి మధ్యనుంచి ఇంటిదాకా రంగుకాగితాలు కట్టారు. వాటి మీద బూడిద పడుతోంటే ఒకడు నిచ్చెనెక్కి దులుపుతూనే ఉన్నాడు. సారథిగారు మైకు ముందు నిలబడ్డారు. మాట్లాడటం చేతకాని మనిషి. కానీ ఒక్క వాక్యం మాత్రం గట్టిగా చెప్పారు.

"ఇది నీటికి ఉబ్బదు. ఎన్ని వానలు కురిసినా, ఎన్నేళ్ళు గడిచినా, ఈ రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది."

చప్పట్లు మోగాయి. జనంలో ఒక్క జత చేతులు మాత్రం కదల్లేదు. లింగాచారి తన చిటికెనవేలి వంక చూసుకుంటున్నాడు.

జనం పలచబడ్డాక వచ్చి, గడప దగ్గర గొంతుకూర్చుని మళ్ళీ వేలు పెట్టి చూశాడు. "ఇది ఉబ్బదంట అప్పా."

"ఉబ్బకపోతే మరి సందు?"

"సందు సందే."

లింగాచారి లేచాడు. "దిగులుపడకు. అడుగున ఓ కర్రబద్ద, పక్కన ఓ కర్రబద్ద కొట్టేస్తాను. పూటలో పని," అని సంచి విప్పాడు. మేకు నామీద ఆనించి సుత్తి ఎత్తాడో లేదో, ముకుందరావుగారు వీధిలోంచే అరిచారు.

"ఏయ్, ఏయ్! ఆగవయ్యా! దానికి మేకు కొడతావా? రేపట్నుంచి పెద్దపెద్దవాళ్ళు చూడ్డానికొస్తారు. బూడిద తలుపుకి కర్రముక్క అతికిస్తే ఏమనుకుంటారు? గుమ్మానికి గానీ గడపకి గానీ ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పెడితే తలుపు విప్పి తీసుకుపోవాల్సొస్తుంది, నన్ను అనద్దు."

విప్పి తీసుకుపోతే మళ్ళీ బిగించుకోవడానికి పాత తలుపు లేదు. దాన్ని అప్పటికే చీల్చి, బాలింత నీళ్ళకని వంటచెరకు కింద పేర్చుకుంది సన్నేసమ్మ. లింగాచారి సుత్తి సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆనాడు పుచ్చుకున్న తాంబూలం డబ్బులు తీసి గడప మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

మనవడు పుట్టాడు. ఎర్రగా, బొద్దుగా, పిడికిలి బిగించుకుని. ఇక్కడ నేను గొప్పలు చెప్పుకోవచ్చు, వాడి ఏడుపుకి సముద్రం వెనక్కి జరిగిందని. కానీ వాడు అంతగా ఏడ్చేవాడు కాదు. పాలు తాగి పడుకునేవాడు. పాత వేప తలుపు ముక్కలు పొయ్యిలో మండి వాడికి నీళ్ళు కాచాయి. సన్నేసమ్మ పాత చీరలు చుట్టి, కొండచిలువంత గుడ్డచుట్టలు రెండు కుట్టింది. ఒకటి నా అడుగున, ఒకటి గొళ్ళెం వైపు. వాటిని తడిపి కుక్కేది. గాలి లేచిన మధ్యాహ్నాల్లో లేచి, కొంగుతో నా పైఅంచు తుడిచి, ఆ కొంగును వెలుతురులో పట్టుకుని చూసుకునేది. బయటివైపు బూడిద వేలెడు పేరుకునేది. మా నాన్నా, నేనూ ఆ గడప దగ్గర తలపడినంత కుస్తీ ఎవరూ చూసి ఉండరు. నేను నిలబడ్డాను. ఆ గుడ్డల సాయంతో, బిడ్డ ఊపిరిని నేను కాపాడుకుంటూ వచ్చాను.

అత్తగారు ఒకసారి చూడవచ్చి, గదంతా వేలితో రాసి చూసి, ఏమీ అంటకపోతే కాస్త మెత్తబడింది. "ఉగాది ఎల్లేదాకా ఉంచుకో వదినా," అంది. సన్నేసమ్మ ముఖం ఆ రోజు కొత్త పళ్ళెంలా వెలిగింది.

ఉగాదికి ముందే పెద్దలొచ్చారు. రాజధాని నుంచి, కార్లలో. మధ్యాహ్నం, పడమటిగాలి మంచి ఊపులో ఉంది. ముకుందరావుగారు ముందుగా పరిగెత్తుకొచ్చారు.

"ఈ గుడ్డపీలికలేంటమ్మా అసహ్యంగా! తియ్యండి, తియ్యండి!"

"గాలుంది బాబూ. లోపల సంటిగుంటడు ఉన్నాడు."

"ఎంతసేపమ్మా? ఒక్క అయిదు నిమిషాలు."

తీసింది. ఒక పెద్దాయన నన్ను తెరిచాడు, మూశాడు. ఇంకొకాయన తెరిచాడు, మూశాడు. అందరూ వంతులవారీగా వేలు మడిచి కొట్టారు. ఫొటోలవాడికి ఖాళీ తలుపు నచ్చలేదు. తల్లీ బిడ్డా గుమ్మంలో నిలబడితే కళగా ఉంటుందన్నాడు. నూకరత్నం బిడ్డనెత్తుకుని నిలబడింది. కొంగు అడ్డం పెట్టుకోబోతే ముఖం కనిపించడం లేదన్నాడు. "బాబు నవ్వాలి, ఇటు చూడాలి," అంటూ చిటికెలు వేశాడు. ఆ అయిదు నిమిషాలూ మీ గడియారాల్లో ఎంతో నాకు తెలియదు. నన్ను బార్లా తెరిచి పట్టుకుని ఉన్నారు. మా నాన్న నన్ను దాటుకుని గుంపులుగా లోపలికి వెళ్ళిపోయాడు. తెరిచిన తలుపంత పనికిమాలిన వస్తువు ఇంకోటి ఉండదు.

వాడు నవ్వాడు కూడా. ఫొటో బాగా వచ్చింది.

కార్లు వెళ్ళాక దగ్గు మొదలైంది. చిన్నది, పిల్లి తుమ్మినట్టు. తర్వాత పొడుగ్గా. తర్వాత ఈల వేసినట్టు. మీతో ఇంతసేపూ కాకిపిల్లలని, ఇటుకలని కల్లబొల్లి కబుర్లు చెప్పాను. ఈ దగ్గు గురించి కలిపి చెప్పడానికి నాకేమీ దొరకడం లేదు. పక్కటెముకలు లోపలికి పోయేవి. అంతే. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ బతికాడు. డాక్టరు నూకరత్నంతో ఒకటే మాట అన్నాడట, ఈ గాలికి వీణ్ణి దూరంగా ఉంచమని.

అత్తగారు తల్లీబిడ్డల్ని ఆస్పత్రి నుంచి అట్నుంచటే తీసుకుపోయింది. బట్టల కోసం మాత్రం గోగులవలస వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వన్న మాటే వదినా," అంది. "ఈ గాలి ఆగీదాకా నా మనవడు ఈ గడప తొక్కడు. నువ్వొచ్చి సూసుకోవాలన్నా, ఆ ఒంటిమీది బూడిదతో నా ఇంటికి రావొద్దు." సన్నేసమ్మ తల వంచుకుని బిడ్డ బట్టలు ఒక్కొక్కటే దులిపి, మడతపెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత ఆవిడ వెళ్ళి లారీల దారిలో కూర్చుంది. ఒక్కతే. పైడమ్మ వచ్చి పక్కన కూర్చుంది గానీ, ఇద్దరు మనుషుల్ని చుట్టుకుని పోవడానికి లారీకి దారి చాలు.

వాన వచ్చింది. తొలకరి. గోగులవలసలో ప్రతి ఇంటి కర్ర తలుపూ నీళ్ళు తాగి ఒళ్ళు చేసి గుమ్మాల్లో బిగుసుకుపోయింది. తన్నేవాళ్ళు తంతున్నారు, తిట్టేవాళ్ళు తిడుతున్నారు. గాలి చొరబడటానికి గోరంత సందు లేదు. ఆ జడివానలో నేను కూడా ప్రయత్నించాను. నవ్వకండి. మా అమ్మ నారను తలుచుకున్నాను. గోగు నీళ్ళలో ఊరి మెత్తబడేది కదా. మా తాత అడవిని తలుచుకున్నాను. ఒక్క చుక్క తాగుదామని, ఒక్క వెంట్రుకవాసి ఉబ్బుదామని ఒళ్ళంతా బిగపట్టాను. నీళ్ళు నామీద నుంచి జారి గడప మీద పడ్డాయి. సన్నేసమ్మ లోపల కూర్చుని ఆ సందులోంచి వస్తున్న వెలుతురు గీతను చూస్తూ ఉంది. గుడ్డచుట్టలు మూలన ఉన్నాయి. కుక్కడానికి లోపల ఎవరున్నారని?

ఏళ్ళు గడిచాయి. గాలి ఆగలేదు, మనవడు మళ్ళీ ఆ గడప తొక్కలేదు. సారథిగారు మాట ఇచ్చినట్టే నేను అలాగే ఉన్నాను. చెరువు మాత్రం అలా లేదు. గట్టు ఎత్తి, ఎత్తి, ఊరికన్నా పైకి పోయింది. నాలాంటి తలుపులు మరో గుప్పెడు చేసి ఊరుకున్నారు. ఆ చెరువులోంచి నాకోసం తీసిన బూడిద ఎంతంటారా? సముద్రంలోంచి కాకి తాగినంత. కానీ బూడిద గురించి ఎవరు గొంతెత్తినా ముకుందరావుగారు నన్ను చూపించేవారు.

చివరికి ప్లాంటులో అద్దాల హాలు ఒకటి కట్టారు. ఏళ్ళ తరబడి ఎండావానలకు నిలిచిన తలుపు అందులో పెట్టాలట. నన్ను విప్పి తీసుకొచ్చారు. కొత్తది వచ్చేవారం పంపుతామన్నారు. ఆ వారం ఇంకా రాలేదు. ఆ గుమ్మానికి ఇప్పుడు గోనెపట్టా వేలాడుతోందని విన్నాను. గోనె అంటే నారే. మా అమ్మ తరఫు చుట్టం. పోనీలే, ఇంటి మనిషే కాపలా ఉంది.

ఇక్కడ నన్ను ఇనప స్టాండు మీద నిలబెట్టారు. పక్కన గోడకు నిలువెత్తు ఫొటో. గుమ్మంలో నూకరత్నం, చేతుల్లో నవ్వుతున్న బిడ్డ, వెనక నేను. హాలు చల్లగా, అద్దంలా ఉంటుంది. గాలిని కూడా వడకట్టి వదులుతారు. ప్రారంభానికి సన్నేసమ్మను కారులో తీసుకొచ్చారు, నాలుగు మంచి ముక్కలు చెప్పించడానికి. వంగిపోయింది. నేత చీర, దులుపుకుని దులుపుకుని అరిగిన చీర. మైకు ఇచ్చారు.

"తలుపు మంచిదే బాబూ," అంది. "చెద పట్టలేదు. ఉబ్బలేదు. దానిదేటీ తప్పు లేదు."

చప్పట్లు కొట్టారు. ఆమె మైకు ఇచ్చేసి ఫొటో దగ్గరకు వెళ్ళింది. బిడ్డ ముఖం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. వాడి ఫొటో ఆవిడ దగ్గర ఇంకోటి లేదు. తర్వాత నా దగ్గరికొచ్చింది. పాత అలవాటు, కొంగుతో నా పైఅంచు తుడిచి, ఆ కొంగును దీపాల వెలుతురులో పట్టుకుని చూసింది. మరోసారి తుడిచి చూసింది. ఏమీ అంటలేదు. హాలు కప్పు వైపు చూసింది, గోడల వైపు చూసింది, ఊపిరి గట్టిగా పీల్చి వదిలింది.

"బాబూ," అంది ముకుందరావుగారితో, "ఈ గది రాత్రిపూట ఖాళీగానే ఉంటాది కదా?"

"ఉంటుందమ్మా. ఏం?"

"మా మనవణ్ణి తెచ్చుకుని రెండ్రోజులు ఇక్కడ పడుకోబెట్టుకోనిస్తారా? ఓ మూల సాలు. ఇక్కడైతే వాళ్ళ నాన్నమ్మ పంపుతాది."

పెద్దమనుషులంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ముకుందరావుగారు నవ్వారు. ఆయన నవ్వారు కనుక అందరూ నవ్వారు. ముసలావిడ భలే చమత్కారి అన్నారు. కారు డ్రైవర్ని పిలిచి, జాగ్రత్తగా దింపి రమ్మన్నారు.

నేను ఇక్కడే ఉన్నాను. నాకు ఇటుపక్కా అటుపక్కా ఒకటే గాలి, ఆపాల్సింది ఏదీ లేదు. మీరూ ఏదో ఒకరోజు వస్తారు. వేలు మడిచి టకటకా కొడతారు. కొట్టండి. కొట్టాక మాత్రం, నా మాట విని, ఒక్క క్షణం ఆగండి. ఎవరూ పలకరు. పలకాల్సినవాడు ఫొటోలో నవ్వుతూ ఉంటాడు.